ఉప్పుగాలికి లొంగని కత్తి

“కృపా! మా నాన్న ఇచ్చిన గడ్డం కత్తికి తుప్పు పట్టేసింది!”

ఆటో దిగుతున్న భార్యకి మొహమంతా సబ్బునురగతో ఎదురొచ్చాడు అబ్బులు. వారం రోజులు గుడివాడలో కూతురి దగ్గరుండి, ఆదివారం ఆరాధన వేళకి బందరు చేరింది కృపావతి.

“ఈ ఉప్పుగాలి దాన్నేమీ చెయ్యలేదని ముప్పై ఏళ్ళుగా చర్చి దగ్గర అందరికీ చెబుతున్నానే! ఇప్పుడెలా?”

కృపావతి సంచి కింద పడేసి, కడుపు పట్టుకుని నవ్వింది.

“మీరు తడికత్తి మడిచి పడేస్తే, ప్రతిసారీ గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, కొబ్బరినూనె రాసిందెవరనుకున్నారు?”

అబ్బులు గడ్డం మీంచి నురగ జారి చొక్కా మీద పడింది.

“ముప్పై ఏళ్ళూనా? మరి చెప్పలేదేం?”

“చెబితే, మీరు గొప్పలు పోతుంటే వెనక నిలబడి నవ్వుకునే సరదా నాకెక్కడుంటుందండీ?” అంటూ కత్తి లాగేసుకుంది. “తుప్పుకత్తి మొహానికి తగలనివ్వను. కడుక్కుని పదండి.”

చర్చి గుమ్మంలో పాస్టరుగారు ఆగారు. “అబ్బులుగారూ, ఏంటా గడ్డం?”

అబ్బులు వెనక్కి చూశాడు. కృపావతి అప్పటికే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“మా ఆవిడ వారం రోజులు ఊళ్ళో లేదండీ!” అన్నాడు, చర్చంతా వినబడేలా.