ప్యాకెట్ సూపు

"లాల్ భాజీ తోటకూర భలే కుదిరిందే, ఇంకాస్త వెయ్యి," అన్నాడు దుర్గారావు. భార్య ఉమారాణి గిన్నె అడుగు గీకి వడ్డించింది.

చెయ్యి కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్లినవాడు, గట్టు మీద సూపు ప్యాకెట్ చూసి మండిపడ్డాడు.

"పీచున్న కూరలు తినమని డాక్టరు నీకు చెబితే, వేడినీళ్లలో ఈ పొడి కలుపుకుని తాగుతున్నావా? ఉర్లా ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి, బజారుకెళ్లి సంచెడు కూరలు మోసుకొస్తున్నది ఎవరికోసమే? బుద్ధుందా నీకు?"

ఉమారాణి కూరగిన్నె పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. కంచంలో అన్నం పెట్టుకుని కూర్చుంది. కూరగిన్నెను ఠంగుమని అతని ముందుకు తోసి, గరిటె చేతికిచ్చింది.

"పిల్లలు తిన్నారు, మీరూ తిన్నారు. ఇప్పుడు నాకు వడ్డించండి."