పిండిలో జాడ

మణెమ్మ ప్రాణం విడిచిన చోట దీపం పెట్టి, చుట్టూ పిండి చల్లారు. ఆమె ఏ రూపంలో వచ్చిపోయిందో తెల్లారి ఆ పిండిలో ఆనవాలు చూస్తారు.

"మా అవ్వ అస్తది, జర చూస్తుండు బిడ్డా" అని మణెమ్మ కొడుకు ఉప్పలయ్య తన కూతురు సౌందర్యను కాపలా ఉంచాడు. సౌందర్య దీపపు పురుగుల మీద పరిశోధన చేస్తోంది.

దీపం దగ్గర ఒకటి వాలింది. పసుపుపచ్చ పొట్ట, వీపున పుర్రె లాంటి మచ్చ. స్ఫింజిడే కుటుంబం, అకెరాన్షియా ప్రజాతి. ఆశ ఆపుకోలేక, పురుగుల్ని చంపే మందు సీసాలో వేసి మూత బిగించింది. అది కీచుమంది. ఆ జాతికి అది మామూలే.

అప్పుడు చూసింది పిండిని. పురుగు నడిచిన జాడ పొడవునా ఎడమకాలు ఈడ్చిన గీత. పక్షవాతం వచ్చాక నాయనమ్మ నడక అదే.

గబగబా మూత తీసింది. పురుగు కదల్లేదు.

తలుపవతల నుంచి తండ్రి గొంతు.

"అవ్వ అచ్చిందా, బిడ్డా?"