మిగిలిన కన్ను

“లేజర్ చేయిస్తే పక్క చూపు తగ్గుతుందంటున్నారు. కంట్లో ఇంజెక్షన్ అయితే అంత నష్టం లేదంటున్నారు. మరి ఇంజెక్షనే ఇచ్చేయొచ్చు కదా మేడమ్?”

కూతురు సూటిగానే అడిగింది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తనే కాబట్టి ఆస్పత్రిలో ప్రశ్నలడిగే పని ఎప్పుడూ తనదే. పక్క కుర్చీలో తండ్రి కూర్చున్నాడు. పెళ్లికి ముందు నుంచీ కత్తెర పట్టిన టైలరు. షుగరు ఆయన కుడి కన్నును ఎప్పుడో తినేసింది. ఇప్పుడు ఎడమ కంటి లోపలా సన్నటి నాళాలు చిట్లి రక్తం కారుతోంది. అది కూడా పోతే కొట్టు తలుపు మళ్లీ తెరిచే పనే ఉండదు.

తల్లి ఆయన వెనకాల, భుజం మీద నుంచి చెయ్యి తీయకుండా నిలబడింది.

“ఇవ్వొచ్చు,” అంది డాక్టరమ్మ. “కానీ లేజర్ ఒకటి రెండుసార్లు చేస్తే చాలావరకు నిలుస్తుంది. తర్వాత రావడం కాస్త ఆలస్యమైనా కొంప మునగదు. ఇంజెక్షన్ అలా కాదు. చూపు బాగా నిలబెడుతుంది, కానీ పిలిచినప్పుడల్లా రావాలి. మధ్యలో మానేస్తే ఆ కన్ను మన చెయ్యి దాటిపోతుంది. దీనికి మందు ఎంత ముఖ్యమో, వెంట తీసుకొచ్చే మనిషీ అంతే ముఖ్యం.”

“పక్క చూపు పోతే నాకేంటి?” టైలరు నవ్వబోయాడు. “గుడ్డ ఎదురుగానే ఉంటుందిగా.”

“కత్తెర పక్కన వేళ్లు కూడా ఉంటాయి నాన్నా.”

డాక్టరమ్మ కంప్యూటర్ తెర వాళ్ల వైపు తిప్పింది. “ఎడమ వైపు బొమ్మ ఈయన కన్ను. కుడి వైపుది ఏ జబ్బూ లేని వేరొకరి కన్ను. తేడా చూడండమ్మా.”

తల్లి ముందుకు వంగింది. “అయ్యో, ఎంత రక్తమో!” అంటూ కుడి వైపు బొమ్మ ముందు వేలు ఆడించింది.

“అమ్మా, అది మంచి కన్నే!”

కూతురితో పాటు డాక్టరమ్మ కూడా నవ్వేసింది.

“కంగారులో ఏది ఏదో ఎవరికి తెలుస్తుందే,” అంటూ తల్లి వెనక్కి జరిగి మళ్లీ ఆయన భుజం పట్టుకుంది.

రక్తపరీక్షల రిపోర్టుల దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది.

“షుగరు ఒకరోజు ఆకాశంలో ఉంది, ఒకరోజు పాతాళంలో ఉంది. ఎందుకిలా?”

“ఈమధ్య రెండుసార్లు మిషన్ మీదే పడిపోయారు మేడమ్,” అంది కూతురు. “ఒళ్లంతా చెమటలు, వణుకు. నోట్లో చక్కెర వేస్తే తేరుకున్నారు.”

“ఇన్సులిన్ ఎక్కువైతే అలాగే అవుతుంది. ఇంకోసారి పడితే లేస్తారని నేను మాటివ్వలేను. ఇంట్లో ఎవరు ఇస్తారు?”

“నేనే,” అంది తల్లి. “ఆయనకి సిరంజి మీద గీతలు కనబడవుగా.”

“గీత దాటకుండా చూసే ఇస్తున్నారా?”

కూతురు నొచ్చుకుంది. “మా అమ్మ చేతికి లెక్క తప్పదు మేడమ్. కొట్లో గుండీలు, కాజాలు అన్నీ తనే కుట్టేది. నడుం నొప్పని మొన్నమొన్నే మానేసింది.”

“వేళకు తినమంటే వింటారా ఈయన? అదీ అసలు జబ్బు,” అంది తల్లి.

“రాసుకోండి మేడమ్, తప్పంతా నాదే,” అన్నాడు టైలరు. “ఇంట్లో షుగరు ఇద్దరికీ ఉంది, తిట్లు మాత్రం నాకొక్కడికే.”

డాక్టరమ్మ కలం తీసింది. “సరే, ఇంజెక్షనా, లేజరా? ప్రతిసారీ మానకుండా తీసుకొచ్చేదెవరు?”

కూతురికి సోమవారం వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరమని కబురొచ్చింది. ఆ ఇంటికి నెల జీతమొచ్చే మొదటి ఉద్యోగం అదే.

“నేను చేరనులే నాన్నా,” అంది నెమ్మదిగా. “ఇక్కడే ఏదో ఒకటి చూసుకుంటాను.”

“నోర్ముయ్,” అంది తల్లి వెంటనే. “నేను చచ్చానా? నేను తీసుకొస్తాను. ఇంజెక్షన్ రాయండి మేడమ్.”

డాక్టరమ్మ ఆమెను ఓ క్షణం చూసి, ఇంజెక్షన్ అనే రాసింది.

బయట మెట్ల దగ్గర తల్లి ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన ప్రతి అడుగుకూ “మెట్టు... మెట్టు...” అని గొణుక్కుంటూ దిగాడు. ఆ మాట అయ్యాకే ఆమె పాదం కిందికి దిగింది. వెనక వస్తున్న కూతురికి ఆ ఇద్దర్నీ చూస్తే గుండె బరువు కాస్త దిగినట్టయింది.

సాయంత్రం కూతురు బ్యాగు సర్దుకుంటూ ఉంటే తల్లి ఫ్రిజ్‌లోంచి ఇన్సులిన్ సీసా తీసింది.

“అమ్మా, నేను ఎక్కించి ఇవ్వనా?”

“సోమవారం నుంచి ఎవరు ఎక్కిస్తారు? నీ పని నువ్వు చూసుకో.”

టైలరు చొక్కా పైకెత్తి మంచం మీద కూర్చున్నాడు. “ఎంత పెడుతున్నావే?” అన్నాడు.

“రోజూ పెట్టేదే.”

“డాక్టరమ్మ మాటలకి నాకు భయమేసిందే.”

“మీకు ఇవాళ వేసింది,” అంది ఆమె.

కూతురు బ్యాగు జిప్పు లాగింది. అమ్మ ఉండగా నాన్నకేం కాదు అనుకుంది.

తల్లి కిటికీ దగ్గరికి వెళ్లి, ఇద్దరికీ వీపు పెట్టి నిలబడింది. సీసాలో గుచ్చిన సిరంజిని వెలుతురుకు ఎత్తి, పిడిని బొటనవేలితో మెల్లగా వెనక్కి లాగి, ఒకచోట ఆపింది.

ఎప్పటిలాగే, ఆమెకు ఒక్క గీతా కనబడలేదు.