పెంగ్విన్ చలవ

“ఏమండీ, నా పుస్తకం ఏదీ?”

పొద్దున్నుంచీ కంప్యూటరుకు అతుక్కుపోయిన గుమాస్తాకు భార్య మాట సరిగ్గా చెవికెక్కలేదు.

“చూశావా! స్విచ్ వేసిన అరనిమిషంలో లేచి కూర్చుంది. నిన్నటిదాకా ఆ విండోస్‌తో నువ్వు స్నానం చేసి వచ్చినా ఇంకా గింగిరాలు తిరుగుతూనే ఉండేది. లైనక్స్ అంటే ఇదీ!” అన్నాడు కాలరెగరేస్తూ.

“అది లేస్తే నాకేం, పడుకుంటే నాకేం? నా పుస్తకం ఎక్కడుందని అడుగుతున్నా.”

ఆవిడ నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. మంచం పట్టిన మనిషికి ఒళ్లు పుండ్లు పడకుండా ఎలా చూసుకోవాలో, ఇంట్లోవాళ్లకి అర్థమయ్యేలా తొంభై పేజీల పుస్తకం రాసింది. సాయంత్రం నాలుగింటికల్లా అది ప్రెస్సుకు చేరాలి. చేరకపోతే మళ్లీ వచ్చే ఏడే.

గుమాస్తా తెరంతా గాలించాడు. సామాన్లు దించని కొత్త ఇల్లులా ఉంది. పొద్దున విండోస్ స్థానంలో లైనక్స్ ఎక్కుతూ ఎక్కుతూ “డిస్కు మొత్తం తుడిచెయ్యనా?” అని అడగడం, తాను హుషారుగా ‘సరే’ నొక్కడం అప్పుడు గుర్తొచ్చాయి.

“అదీ... తుడిచిపెట్టుకుపోయినట్టుంది” అని నసిగాడు.

ఆవిడ అరవలేదు. ఏడవలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. దాంతో అతనికి ఇంకా భయమేసింది.

“ఇంకో కాపీ ఉంచుకునే ఉంటావుగా?”

“ఉంచాను. పెన్ డ్రైవులో.”

“అమ్మయ్య! మరి అదివ్వు.”

“దాన్ని ఖాళీ చేసే కదండీ మీరు అందులోకి లైనక్స్ దించుకున్నారు?”

గుమాస్తా ఫోను అందుకున్నాడు. కనిపించిన ప్రతివాడికీ లైనక్స్ వేసుకోమని ఊదరగొట్టే సహోద్యోగి ఒకడున్నాడు. లైనక్స్ గుర్తు పెంగ్విన్ బొమ్మ కాబట్టి ఆఫీసులో అందరూ అతన్ని పెంగ్విన్ అంటారు.

“ఒరేయ్ పెంగ్విన్, నా కొంప ముంచావు కదరా!”

జరిగిందంతా విని పెంగ్విన్ తాపీగా అన్నాడు. “కంగారు పడకు. డిస్కులో కొత్తగా ఏమీ దాచకు. దుకాణం బోర్డు పీకేసినంత మాత్రాన లోపల సరుకు ఎక్కడికి పోతుంది? తవ్వి తీసే ప్రోగ్రాం ఒకటుంది. ముందు నెట్ కలుపు.”

వైఫై ఉన్నట్టే కంప్యూటరు గుర్తించలేదు. ఇంట్లో పిల్లి తిరిగే మూలలన్నీ వెతికి ఒక తీగ సంపాదించి, భార్య ఫోనును కంప్యూటరుకు తగిలించాడు. పెంగ్విన్ చెప్పిన కమాండు కొట్టాడు. అలాంటి కమాండే లేదంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ లేదంది. మూడోసారి భార్య ముందుకు వంగి, “రెండు పదాల మధ్య ఖాళీ వదల్లేదు మీరు” అంది. ఈసారి అది పాస్‌వర్డ్ అడిగింది.

“పెంగ్విన్, కీబోర్డు కూడా చచ్చిందిరా! ఎన్ని కొట్టినా తెరమీద చుక్క కూడా పడట్లేదు.”

“చావలేదు నాయనా. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు అది అంతే, ఏమీ చూపించదు. దేవుడి మీద భారం వేసి కొట్టి, ఎంటర్ నొక్కు.”

నొక్కాడు. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు జలజలా పరిగెత్తాయి. ఆవిడ పక్కింటికి వెళ్లి ఇంకో పెన్ డ్రైవు అడిగి తెచ్చింది. దొరికినవన్నీ అందులో పడటం మొదలయ్యాయి. పది, నలభై, మూడు వందలు! అయితే ఒక్కదానికీ పేరు లేదు, అన్నీ అంకెలే. ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాల్సిందే.

ఇద్దరూ భుజం భుజం ఆనించి కూర్చున్నారు. కుళాయి రావడం లేదని ఎప్పుడో రాసిన అర్జీ. గుమాస్తా పెళ్లినాటి బయోడేటా, అందులో రెండంగుళాలు ఎక్కువ వేసుకున్న ఎత్తు. సగంలో తెగిపోయిన వంటల జాబితా. గడియారం మూడు దాటింది. మధ్యాహ్నం భోజనం సంగతే ఇద్దరికీ గుర్తు లేదు.

మూడుంపావుకి ఆవిడ అతని మోచెయ్యి పట్టుకుంది.

తెరమీద మొదటి వాక్యం కనిపిస్తోంది: ‘రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి.’

ఆవిడ ఒక్కో పేజీ దాటిస్తూ చివరిదాకా వెళ్లింది. తొంభైకి తొంభై ఉన్నాయి. బొమ్మలు కూడా చెక్కుచెదరలేదు. ప్రెస్సుకు పంపించి, “అందింది” అని జవాబు వచ్చాక ఇద్దరూ ఒక్కసారే ఊపిరి వదిలారు.

“ఏమో అనుకున్నా గానీ, గట్టివారే మీరు. ముంచినా మీరే, తేల్చినా మీరే” అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ.

“నాదేముంది, అంతా లైనక్స్ గొప్పతనం!” అంటూ గుమాస్తా టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాడు. పొయ్యి వెలిగిస్తూ ఈల కూడా వేశాడు. ఆవిడ అక్కడే కూర్చుని, ముచ్చటపడి మిగతా ఫైళ్లు ఒక్కొక్కటే తెరుస్తోంది.

“ఏమండీ, మనం ఏనాడో చెరిపేసినవి కూడా తవ్వి తీసిందండీ ఇది!”

“మరేమనుకున్నావ్? దాని ముందు ఏదీ దాగదు” అన్నాడు గుమాస్తా, పాలు గిన్నెలో పోస్తూ.

పాలు పొంగు మీదికొచ్చాయి. హాల్లోంచి ఆవిడ గొంతు చాలా నెమ్మదిగా వినిపించింది.

“అయితే, మా చెల్లి పెళ్లికి మీకు సెలవు ఇచ్చేది లేదంటూ మీ ఆఫీసరు రాసిన ఉత్తరం, నాలుగు చిత్తుప్రతులతో సహా మన కంప్యూటర్లో ఎందుకుందండీ?”