వేలెడంత లైటు

షాట్ కోసం అందరూ హీరోయిన్ చుట్టూ మూగగానే సౌండ్ రికార్డిస్టు ట్రాలీ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కింది అరలో, తనతోపాటే సౌండ్ పని చేసే బావమరిది బ్యాటరీ ప్యాక్ ఉంది. ఫోన్లు ఛార్జి చేసుకునే చవకరకం. దానికి వేలెడంత లైటు గుచ్చి ఉంది.

పొద్దున డైరెక్టర్ ఆ ప్యాక్‌నే చేతిలో ఆడిస్తూ, "ఇంత చవకలో మీ బావమరిది రోజంతా లాగించేస్తున్నాడయ్యా! నువ్వేమో ఇంకా ఆ ఇటుకరాయిలాంటి బ్యాటరీ మోస్తున్నావు" అన్నాడు. ఇంట్లో భార్యదీ అదే పాట: "మా తమ్ముడి బుర్రే బుర్ర!"

వీడికి మైకు పట్టుకోవడం నేర్పిందెవరు?

సౌండ్ మిషన్ తీసుకునే కరెంటు మరీ తక్కువ. వాడకం లేదనుకుని ఆ ప్యాక్ కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది. ఇంకాస్త కరెంటు తాగుతూ, దాన్ని ఆగనివ్వకుండా కాపు కాసేది ఆ లైటే.

పీకి జేబులో వేసుకున్నాడు.

ఏడుపు సీను. హీరోయిన్ గొంతు రికార్డు చేసేది తను, చుట్టూ జనం గోల ఇంకో మిషన్ మీద బావమరిది. ఆమె ఏడుస్తుంటే లైట్‌బాయ్‌లు కూడా కళ్లు తుడుచుకున్నారు.

సగంలో రికార్డిస్టు హెడ్‌ఫోన్లు మూగబోయాయి.

బావమరిది పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది బావా? మీ బ్యాటరీ డీలా పడిందని భోజనాలప్పుడే నా ప్యాక్ మీ మిషన్‌కి తగిలించానే! నాకు మామూలు సెల్స్ చాల్లే అనుకున్నా." వంగి కింది అర తడిమాడు. "అయ్యో, లైటు ఊడిపోయినట్టుంది. గట్టిగా గుచ్చాల్సింది, నాదే తప్పు. డైరెక్టర్‌తో నేను చెప్తాలెండి."

రికార్డిస్టు చెయ్యి జేబులోనే ఉండిపోయింది.