లేని ఉంగరం

"ఉంగరం ఏది?"

ప్రొఫెసర్ సోమశేఖర్ విసిరిన కాగితం సత్యవేణి భుజానికి తగిలి కిందపడింది.

"నేదు సార్," అంది సత్యవేణి.

"లేదు అనడం కూడా రాదు! బ్లాక్ హోల్ చుట్టూ వెలుగు వంగుతుంది. వంగి ఉంగరంలా కనిపిస్తుంది, మధ్యలో చీకటి. నా దగ్గర నాలుగేళ్లు పరిశోధన చేసి నేర్చుకున్నది ఇదేనా?"

"వంగుతాదని తెలుసు. ఈ ఫైల్లో వంగలేదు సార్. మధ్యలో చీకటి నేదు, అంతా వెలుగే. పదకొండుసార్లు చూశాను."

సోమశేఖర్ లేచి తలుపు మూశాడు. కోల్‌కతాలోని ఆ పరిశోధన సంస్థలో తెలుగువాళ్లు వాళ్లిద్దరే. మామూలుగా ఆమెతో ఇంగ్లీషే మాట్లాడతాడు. తిట్టాలంటే మాత్రం తెలుగులోకి దిగుతాడు. పక్క గదుల్లో బెంగాలీలకు అర్థం కాకూడదు.

"టెలిస్కోపు తీసిన ఇదే ఫైలు తొమ్మిది పరిశోధక జట్లకు పంపారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. రేపు కొలతలన్నీ బయటపెడతారు. ఐన్‌స్టీన్ చెప్పిన దానికన్నా ఉంగరం పది శాతం పెద్దదైతే నా సిద్ధాంతం గెలుస్తుంది. ఇరవయ్యేళ్ల పని! నువ్వొచ్చి లేదంటే అయిపోతుందా?"

"అయితే ఏటి చెయ్యమంటారు?"

"ఉంగరం ఉందని కంప్యూటర్‌కి ముందే చెప్పు. నా సైజు ఇవ్వు. అదే వెతికి పట్టుకుంటుంది."

"అలాగ చెప్తే ఈ గోడలో కూడా పట్టుకుంటాది సార్."

"నోరు మూయ్! మీ ఖిదిర్‌పూర్ రేవు చేపల బజారనుకున్నావా? మీ నాన్న రేవులో బస్తాలు మోసేవాడుగా. చెప్పినచోట దించేవాడా, లోపలేముందని ఆరా తీసేవాడా?"

"బస్తా ఖాళీ అయితే ఖాళీ అనే చెప్పీవోడు."

సోమశేఖర్ కిందపడ్డ కాగితాన్ని తీసి ఆమె ముందు కొట్టినట్టు పెట్టాడు.

"ఉంగరం ఉందని రాసి సంతకం పెట్టు. పరిశోధన పేపర్లో రెండో పేరు నీది. పెట్టకపోతే పేరు పోతుంది, నీ థీసిస్ మీద నా సంతకమూ ఉండదు. మీ ఏక్‌బాల్‌పూర్ పేటలో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుని బతుకు."

సత్యవేణి పెన్ను మూత తీసింది. మొన కాగితానికి ఆనింది. మళ్లీ మూత పెట్టేసింది.

"నాకు కనపడని దాని కింద నా పేరెట్టను."

"పో అయితే."

ఆమె ఎదుటే కంప్యూటర్ ముందు కూర్చుని ఆమె పేరు చెరిపేశాడు. ఉంగరం ఉందనుకోమని తానే రాసి, తన సైజే ఇచ్చాడు. అరగంటలో తెర మీద చక్కటి ఉంగరం తేలింది. సరిగ్గా పది శాతం పెద్దది. ఒక్కక్షణం ఆగకుండా పంపించేశాడు.

మర్నాడు పదకొండింటికి వీడియో సమావేశం. సంస్థ పెద్దలంతా టీ, సందేశ్ మిఠాయి పట్టుకుని హాల్లో కూర్చున్నారు. సోమశేఖర్ సత్యవేణిని పిలిపించాడు.

"కూర్చోకు. వెనక నిలబడి చూడు. ఏం పోగొట్టుకున్నావో తెలియాలి."

తొమ్మిది జట్లకూ ఫైళ్లు పంపే అరుణకుమారి పూనా నుంచి తెర మీదికొచ్చింది.

"ఎనిమిది జట్లకు ఉంగరం కనిపించలేదు. కనిపించింది ఒక్క కోల్‌కతాకే. అదీ సరిగ్గా సోమశేఖర్ గారి సిద్ధాంతం చెప్పినంత సైజులో."

తమకే దొరికిందని హాలంతా చప్పట్లు. సోమశేఖర్ వెనక్కి తిరిగి సత్యవేణిని చూసి నవ్వాడు.

"ఈ కొలతలో మీకెవరైనా సాయం చేశారా సార్?" అడిగింది అరుణకుమారి.

"ఎవరూ లేరు!" సోమశేఖర్ లేచి నిలబడ్డాడు. "మొదటినుంచి చివరిదాకా నా ఒక్కడి చెయ్యే."

"మంచిది, అలాగే రాసుకుంటున్నాను. ఎందుకంటే ఆ ఫైలు ఏ టెలిస్కోపు నుంచీ రాలేదు సార్. లేనిదాన్ని ఎవరు చూస్తారో తెలుసుకోవడానికి, బ్లాక్ హోల్ పెట్టకుండా నేనే కంప్యూటర్లో తయారుచేశాను."