పళ్ళెం చూపులు

ఆ ఆదివారం మధ్యాహ్నం కూడా పైసా తీయకుండా పొట్ట నింపుకోవాలన్న గట్టి సంకల్పంతోనే గురుప్రసాద్ జూబ్లీహిల్స్ హోటల్ మెట్లెక్కాడు.

ఆదోని కుర్రాడు. హైదరాబాదులో ఉద్యోగం, హాస్టల్లో కాపురం, నీళ్ళ పప్పుతో సంసారం. ఆ పప్పులో మునిగిపోతున్నవాడికి పెళ్ళిచూపులు తెప్పలా దొరికాయి.

"ఇంటికొచ్చి చూడడం, బజ్జీలు తినడం పాతకాలం. అమ్మాయిని తీసుకుని హోటల్‌కు రండి, మాట్లాడుకుందాం. కట్నం మాట మాత్రం ఎత్తొద్దు" అనేవాడు ఫోన్లో.

కట్నం వద్దన్న అల్లుడికి కట్లెట్ పెట్టించని మామ ఉంటాడా? హోటల్ ఏదన్నది గురుప్రసాదే తేల్చేవాడు. పేరులోనే ప్రసాదం ఉన్నవాడు డబ్బులిచ్చి తింటే ఏం బాగుంటుంది!

అట్లా మాదాపూర్‌లో అరబ్బు మండీ అయింది. మూడు ముళ్ళు పడకముందే ఆ అమ్మాయి కుటుంబంతో కలిసి ఒకే పెద్ద పళ్ళెంలో చెయ్యి పెట్టాడు. ఆబిడ్స్‌లో రాజస్థానీ థాలీ అయింది. గచ్చిబౌలిలో పిజ్జా అయింది. బంజారాహిల్స్ చైనా హోటల్లో లత అనే అమ్మాయి తండ్రి ఉచ్చీరప్ప, ఎమ్మిగనూరు మగ్గాల మనిషి, రెండు పుల్లలతో నూడుల్స్ పట్టలేక దగ్గుతూ చెమటలు కక్కాడు. బిల్లు రాగానే మాత్రం రెండే వేళ్ళతో లాగేసుకున్నాడు. పెళ్ళికొడుకు చేత కట్టిస్తే ఆడపిల్లవాళ్ళ మర్యాద ఏం కావాలి?

గురుప్రసాద్ చెయ్యి ప్రతిసారీ జేబు దాకా పోయేది. జేబులోకి మాత్రం పోయేది కాదు.

మరునాడు ఫోన్ చేసేవాడు. ఒకరితో నక్షత్రం కుదరలేదనేవాడు, ఇంకొకరితో మా అవ్వ ఒప్పుకోలేదనేవాడు. లోకంలో అందరూ పెళ్ళిచూపులకు పోతారు. మనవాడు పళ్ళెం చూపులకు పోయేవాడు. ఇంట్లో మేనరికం చేసుకోమంటే కాదని మెనూరికం పట్టాడు.

ఈసారి కథ అడ్డం తిరిగింది. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన హర్షితను చూడగానే అతని చేతిలోని మెనూ కార్డు బల్ల మీద వాలిపోయింది. మెనూ కంటే ముందు అమ్మాయిని చూడడం అతని చరిత్రలో అదే మొదలు. హోటల్‌ను కూడా ఈసారి ఆమే ఎంచింది. తోడుగా వచ్చిన గిరిధర్ కుర్చీ లాగి మరీ కూర్చోబెట్టాడు.

"నేను హర్షిత అన్నను. కూసో బావా. మా పాప నీ గురించి శానా ఇన్నాది."

"మంచిగానేనా?"

"రుచిగా" అంది హర్షిత.

గురుప్రసాద్ గుండెలో తాలింపు చిటపటలాడింది. హాలంతా నిండి ఉంది. మెనూ కార్డులు దినపత్రికలంత ఉన్నాయేమో, ఏ బల్ల దగ్గరా ఒక్క ముఖం కనబడలేదు. విచిత్రం, ఏ బల్ల మీదా ఒక్క ప్లేటు కూడా లేదు. అందరి ముందూ మంచినీళ్ళే. వంట ఆలస్యమేమో అనుకున్నాడు. వెనక నుంచి దగ్గు వినబడింది. ఎక్కడో విన్న దగ్గే. ఇంతలో హర్షిత నవ్వింది. దగ్గు ఈ చెవిలోంచి ఆ చెవిలోకి దాటిపోయింది.

తమ బల్లకు మాత్రమే వచ్చిన పనీర్ ఎదురుగా చల్లారిపోతున్నా అతని చెయ్యి కదల్లేదు. ఊళ్ళో హోటళ్ళన్నీ ఏమైపోతే ఏం, ఇక ఈమె ఎదురుగా కూర్చుని రోజూ ఇంట్లో తినాలి. పచ్చడి మెతుకులైనా సరే.

"నాకు నచ్చినావు. నిజంగా" అన్నాడు. ఆ రెండో మాట ఇంతకు ముందెప్పుడూ వాడలేదు.

హర్షిత తల వంచుకుంది. "మాట ఖాయమైతే మా పక్క మొగపిల్లోళ్ళే నోరు తీపి చేయాల."

"అంతేనా! మీవాళ్ళు ఎంతమందున్నా సరే."

"ఎవరొచ్చినా తినిపిస్తావా బావా?" గిరిధర్ కళ్ళు పెద్దవి చేశాడు. "మాట మీద నిలబడాల మరి."

గురుప్రసాద్ లేచి నిలబడ్డాడు. సర్వర్‌ను పిలిచి హాలంతా వినబడేలా చెప్పాడు: "భాయ్! ఈ అమ్మాయి తరఫున ఎవరు తిన్నా, ఏం తిన్నా, బిల్లు నాదే!"

జీవితంలో మొదటిసారి చెయ్యి జేబులోకి పోయింది. కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

గిరిధర్ వెనక్కు తిరిగాడు. "అందరూ ఇన్నారు గదా?"

హాల్లోని మెనూ కార్డులన్నీ ఒక్కసారే దిగాయి.

మండీ అమ్మాయి. థాలీ అమ్మాయి. నక్షత్రం కుదరని అమ్మాయి. అవ్వ ఒప్పుకోని అమ్మాయైతే తన అవ్వను కూడా తెచ్చుకుంది. వెనక బల్ల దగ్గర లత, పక్కన ఉచ్చీరప్ప.

ఉచ్చీరప్ప తీరిగ్గా దగ్గాడు. "మొన్న మా ఊర్లో ఒక పెండ్లి బంతిలో కూసోని మాట్లాడుకుంటిమి నాయనా. మా అందరికీ కాబోయిన అల్లుడివి నువ్వేనని తేలె. ఆదోనిలో మీ నాయన కేశవులుకు ఫోన్ కొట్టమంటావా, మమ్మల్ని తినమంటావా?"

"తి... తినండి." గొంతు హాస్టల్ పప్పంత పలచగా వచ్చింది.

"చైనా వంటలు కూడా తే భాయ్" లత కేక వేసింది. "మా నాయనకు చెంచా మరిచిపోవద్దు!"

పళ్ళేలు పరుగులు పెట్టాయి. గురుప్రసాద్ వాటి వైపు చూడలేదు.

"వీళ్ళ సంగతి సరే. నేను చేసింది తప్పే" అన్నాడు హర్షితతో, మెల్లగా. "నువ్వన్నా నిజం సెప్పు. నేను కొంచెం కూడా నచ్చలేదా?"

హర్షిత తన ప్లేట్లోని పనీర్ ముక్క తీసి గిరిధర్ నోట్లో పెట్టింది.

"నేను లత అక్కను. ఈయన మా అన్న గాదు, మా ఇంటాయన. తోడబుట్టినోడు లేడనే దిగులు నాకు ఈ పొద్దుతో తీరిపాయ. పుట్టింటి బువ్వ గదా, మిగల్చకుండా తింటాంలే అన్నా!"